వీణా? వీణబొమ్మా?

మొన్న మా కొడంగల్‌లో ఒక సన్మానసభకు వెళ్ళాను. శాలువాతో పాటు అద్దాల పెట్టెలో జానెడు బొబ్బిలి వీణ. రాష్ట్రం దాటి వచ్చింది పాపం. చప్పట్లు. మీటితే పలకదు, పలకనవసరమూ లేదట, షోకేసులో ఉండేదే కదా!

ఆ రాత్రే గిటారు వాయించే మిత్రుడొకడు పూనకం వచ్చినట్టు మాట్లాడాడు. 1950లనాటి ఫెండర్ ఆంప్లిఫయర్ల పెట్టెలు పైన్ చెక్కవట. అంచులను వేళ్ళలో వేళ్ళు దూర్చినట్టు కలిపేవారట. అలాంటిది చేత్తో చేయించుకోవడానికి ఎంతైనా పెట్టవచ్చునట. కాదనను. స్పీకరుతో పాటు పెట్టే పలుకుతుంది.

కానీ స్వామీ, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధివారు పనసదుంగను తొలిచి, కుండనూ దండినీ అతుకు లేకుండా ఒకే కొయ్యలోంచి తీస్తారే, దానిని "హస్తకళ" అని ఎందుకు సరిపెడుతున్నాం? కుండ గోడను ఎంత పలచన చేసి ఆపాలో చేయి చెప్పాలి. మైనంలో 24 మెట్లు నిలిపేటప్పుడు చెవి చెప్పాలి. పైన్ పెట్టెకు అతుకు గొప్ప. ఏకాండవీణకు అతుకు లేకపోవడమే గొప్ప. మొదటిదానికి మనకు చెవులున్నాయి, రెండవదానికి కళ్ళు మాత్రమే.

బొమ్మవీణలతో కొన్ని ఇళ్ళు గడుస్తాయంటారు. గడవనివ్వండి, నాకేమీ కడుపుమంట లేదు. అయితే జ్ఞాపికలకు డబ్బిచ్చే పెద్దలు ఏడాదికొక్క పలికే వీణ కొని మా ఊరి బడిలో ఒక పిల్ల చేతికి ఇవ్వలేరా?

నాకు సన్మానం జరిగితే (జరగదనుకోండి) ఆ అద్దాల పెట్టె మాత్రం తేకండి.