అవసాన వేళ తలుపు మూయొద్దు

ప్రాణం పోయేలోగా గురువు రావాలని అడిగిన రోగికి ఆసుపత్రి తలుపు మూయడం తప్పు. కొవిడ్ రోజుల్లోనూ అది తప్పే. అమెరికాలో మేరీలాండ్‌లోని ప్రిన్స్ జార్జెస్ ఆసుపత్రి 2020లో ఆ తప్పు చేసింది. ప్రాణాపాయంలో ఉన్న భర్తకు అవస్థ అభ్యంగనం ఇప్పించాలని ఓ భార్య వేడుకుంది. కతోలిక గురువు రక్షణ దుస్తులు వేసుకుంటానన్నాడు. సందర్శకులకు అనుమతి లేదని ఆయన్ను తిప్పి పంపారు. ఫిర్యాదు కేంద్ర ఆరోగ్య శాఖ పౌరహక్కుల విభాగానికి చేరాకే యాజమాన్యం నిబంధన మార్చుకుంది. చికిత్సకు అడ్డురానంతవరకు మతగురువు కొవిడ్ వార్డులోకైనా వెళ్లొచ్చని ఆ అక్టోబరులో ఒప్పుకుంది. ఫిర్యాదు వచ్చాక సాధ్యమైన పని, ఆమె అడిగినప్పుడు ఎందుకు సాధ్యం కాలేదు?

అవస్థ అభ్యంగనం ఫోనులో జరిగే సంస్కారం కాదు. గురువు పాపసంకీర్తనం వినాలి. నుదుటిపైనా అరచేతులపైనా పవిత్ర తైలం రాయాలి. మింగే శక్తి ఉంటే సత్ప్రసాదం అందించాలి. విశ్వాసికి అది ఆఖరి ప్రయాణానికి దారిబత్తెం. గురుపట్టం పొందినవారు తప్ప మరొకరు ఈ అభ్యంగనం చేయరాదని కతోలిక సంఘ చట్టం 1003వ నిబంధన చెబుతోంది. 2020 మార్చిలో మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ పీఠాధిపతి నర్సుల చేత తైలం రాయించేందుకు అనుమతించి, వెంటనే వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ట్యాబ్‌లో ప్రార్థన వినిపిస్తాం, మా దగ్గర వేరే ప్రార్థనా సేవకుడున్నాడు అనే ఆసుపత్రి ఆ రోగికి ఇచ్చేదేమీ లేదు.

కొవిడ్ సోకుతుందన్న భయం అబద్ధమని మేం అనడం లేదు. ఇటలీలో బెర్గామో పీఠంలోనే 20 మందికి పైగా గురువులు ఆ వసంతంలో కన్నుమూశారు. మాస్కులకే కటకటలాడిన తొలి వారాల్లో ఏ వైద్యుడైనా తటపటాయించాడంటే అర్థం చేసుకోగలం. కానీ అదే కాలంలో షికాగో అగ్రపీఠం 60 ఏళ్లలోపు వయసున్న, ఆరోగ్యవంతులైన 24 మంది గురువులను కొవిడ్ రోగులకు అభ్యంగనం ఇచ్చేందుకు ఎంపిక చేసింది. బోస్టన్‌లో సుమారు 80 మంది ముందుకొచ్చారు. చేతివేలికి బదులు దూదిపుల్లతో తైలం రాశారు. బలమైన కారణం ఉన్నప్పుడు పరికరం వాడవచ్చని సంఘ చట్టమే అంటోంది. గురువులు ఇంత సర్దుకున్నాక మొండికేసే హక్కు ఆసుపత్రులకు ఎక్కడిది?

అమెరికాలో మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా సొమ్ము తీసుకునే ఆసుపత్రులు రోగి కోరినవారిని రానివ్వాలనీ, ఆంక్ష పెడితే వైద్యపరమైన కారణం చూపాలనీ 2011 నుంచే నిబంధన ఉంది. అయినా టెక్సస్ 2021లో మతగురువుల కోసం విడిగా చట్టం తేవలసి వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 15న ఇంగ్లండులో కత్తిపోట్లకు గురై కతోలికుడైన ఎంపీ డేవిడ్ అమెస్ చనిపోతుంటే, పోలీసులు గురువును లోపలికి పంపలేదు. ఆయన బయటే నిలబడి జపమాల చెప్పుకున్నాడు. అది ఆసుపత్రి కాదు, నేరస్థలం. అక్కడి సాకు వేరు, మనిషి కోల్పోయింది మాత్రం ఒక్కటే.

మన జిల్లాల నుంచి వెళ్లిన గురువులెందరో అమెరికా చర్చిల్లో సేవ చేస్తున్నారు. అర్ధరాత్రి ఫోను మోగితే తైలం సీసా జేబులో వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తేవారిలో వాళ్లూ ఉన్నారు. వాళ్లను పండ్లు పట్టుకొచ్చిన చుట్టాల వరుసలో నిలబెట్టకూడదు.

కబురు ఆలస్యం కావడం మరో అన్యాయం. ఈ సంస్కారం ఆఖరి క్షణానికే కాదని వాటికన్ మహాసభ 1963లోనే స్పష్టం చేసింది. వెంటిలేటర్ గొట్టం వేశాక పాపాలు చెప్పుకోవడానికి నోరుండదు, దారిబత్తెం గొంతు దిగదు. కాబట్టి చేర్చుకునేటప్పుడే రోగిని అడిగి, గురువు పేరు, ఫోను నంబరు రాసుకోవాలి. వ్యవధి ఉంటే గొట్టం వేసే ముందే ఫోను చేయాలి. వద్దనాల్సి వస్తే, కారణమేమిటో డ్యూటీ డాక్టరు కేస్‌షీటులో రాసి సంతకం పెట్టాలి. గేటు దగ్గర గార్డు చేతిలోని సందర్శకుల జాబితా అందుకు చాలదు.