దస్తఖత్ ఎహసాన్ కాదు, హక్

మా భాంజా నాలుగేళ్లు మునగాలలో, మా ఆపా ఇంటి మేడ మీద గదిలో కూర్చుని అమెరికా కంపెనీకి పని చేశాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. సాయంత్రం ఏడుకు లాప్‌టాప్ తెరిస్తే తెల్లవారుజామున మూడింటికి మూసేవాడు. రంజాన్‌లో సహర్‌కి ఆపా వాణ్ని లేపే అవసరం ఉండేది కాదు. వాడే ఇంటిల్లిపాదినీ లేపేవాడు. ఆ నాలుగేళ్లకు సబూత్ తెమ్మని ఇప్పుడు కెనడా అడుగుతోంది. వాడి దగ్గర లేదు.

కెనడా ఏం అడుగుతుందో ముందు చెప్తాను. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి 2015 నుంచి నడుస్తోంది. అందులో ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ దారిన పోవాలంటే గత పదేళ్లలో కనీసం ఒక ఏడాది, మధ్యలో తెగకుండా, నైపుణ్యం ఉన్న పని చేసి ఉండాలి. వారానికి 30 గంటల లెక్కన 1,560 గంటలు. పిలుపు వచ్చిన 60 రోజుల్లో కాగితాలన్నీ పెట్టాలి. ఉద్యోగి అయితే కంపెనీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం కావాలి. హోదా, చేసిన పనులు, వారానికి ఎన్ని గంటలు, ఎంత జీతం, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా అన్నీ అందులో ఉండాలి. కింద పై అధికారి దస్తఖత్. సొంతంగా పని చేసుకునేవాడైతే ఆదాయం ఆధారాలు, పని చేయించుకున్నవాళ్లు ఇచ్చిన కాగితం, డబ్బు ముట్టిన వివరాలు కావాలి. ఫలానా పని చేశానని నాకు నేనే రాసుకున్న అఫిడవిట్ చెల్లదు.

అంటే ఎటు తిరిగినా ఇంకొకరి కలం కదలాలి. నా మెహనత్‌కు గవాహీ నేను కాను.

భాంజాకు కాంట్రాక్టు ఇచ్చింది హైదరాబాద్‌లోని ఒక ఏజెన్సీ. వాడు ఉత్తరం అడిగితే, "నువ్వు ఎంప్లాయీవి కాదు, కన్సల్టెంట్‌వి. ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఎంప్లాయీలకే" అన్నారు. అమెరికా కంపెనీని అడిగితే, "నువ్వు వెండర్ మనిషివి, మా రికార్డుల్లో లేవు" అన్నారు. నాలుగేళ్లు రాత్రిళ్లు వాడికి పని చెప్పిన మేనేజర్ మన తెలుగాయనే. వాట్సాప్‌లో నీలి టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

ఇక్కడే నా గుస్సా. ఆ నాలుగేళ్లూ ప్రతి బిల్లులోంచి ఏజెన్సీ 194జె కింద పది శాతం పన్ను కోసి సర్కారుకు జమ చేసింది. ఆ లెక్క 26ఏఎస్‌లో కనిపిస్తోంది. పన్ను కోసేటప్పుడు వీడు ఎవరో ఏజెన్సీకి బాగా తెలుసు. ఉత్తరం రాయాల్సి వచ్చేసరికి మాత్రం వీడు ఎవరో తెలియదు!

ఇది నాకు కొత్త కథ కాదు. నేను పత్రికలో చేరింది మండలం కంట్రిబ్యూటర్‌గా. లైన్ అకౌంట్. అచ్చయిన లైన్లు కొలిచి పైసలు ఇచ్చేవాళ్లు. చేరిన రోజే నా చేత ఒక కాగితం మీద రాయించుకున్నారు: నాకు వేరే జీవనాధారం ఉంది, వార్తలు రాయడం నా హాబీ అని. యాక్సిడెంట్ అయితే అర్ధరాత్రి హైవే మీదికి ఉరికేది హాబీయేనట. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, తెలుగు పత్రికకు రాసిన నా మొదటి ఏళ్లకు ఈ రోజుకీ కాగితం లేదు.

మా దాదా కాగితాల్లో మునగాల కృష్ణా జిల్లా. చుట్టూ నిజాం ఇలాకా, మధ్యలో అంగ్రేజుల కింద జమీందారీ పరగణా. ఆంధ్రప్రదేశ్ వచ్చాక నల్గొండలో కలిపారు. అబ్బా కాగితాల్లో నల్గొండ. 2016 నుంచి సూర్యాపేట జిల్లా. ఇల్లు కదల్లేదు, జిల్లాలు మూడు మారాయి. అయినా ఏ తరంలోనూ మాకు దాఖలా దొరకలేదని లేదు. ఎందుకంటే అడగడానికి ఒక కచేరీ ఉంది, ఇవ్వాల్సిన జవాబ్‌దారీ ఒక అధికారికి ఉంది. ఆలస్యం చేస్తే దరఖాస్తు పెట్టొచ్చు, పైవాళ్లకు ఫిర్యాదు చేయొచ్చు. భాంజా ఎవరికి దరఖాస్తు పెట్టాలి?

మన చట్టంలో ఈ హక్ అసలే లేదా అంటే, సగం ఉండేది. 2025లో రద్దయ్యేదాకా నడిచిన 1946 నాటి స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం కింద చేసిన నమూనా నియమాల్లో, పని నుంచి తీసేసినా, రిటైరైనా కార్మికుడికి సర్వీస్ సర్టిఫికెట్ పొందే హక్ ఉందని రాశారు. కానీ "పర్మనెంట్" కార్మికుడికట. ఆ ఒక్క లఫ్జ్ దగ్గర తలుపు మూసుకుంది. 2020 సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో గిగ్ వర్కర్ అనే పేరు వచ్చింది, వాళ్లకు పథకాల మాట వచ్చింది. చేసిన పనికి కాగితం ఇచ్చి తీరాలన్న మాట రాలేదు.

కంపెనీల భయం నాకు తెలుసు. ఉత్తరం ఇస్తే రేపు వీడు పీఎఫ్ అడుగుతాడు, గ్రాట్యుటీ అడుగుతాడు అని. సాబ్, మిమ్మల్ని ఎంప్లాయీ అని రాయమని ఎవరు అడిగారు? కాంట్రాక్టు కన్సల్టెంట్ అనే రాయండి. ఫలానా పనులు, వారానికి ఇన్ని గంటలు, ఇంత ఫీజు, ఈ తారీఖులు అని రాయండి. ఉన్నది ఉన్నట్టు రాస్తే నష్టం వస్తుందంటే మీరు దాస్తున్నది వేరే ఏదో ఉందన్నమాట.

ఇంకో వాదన: దొంగ సర్టిఫికెట్లు ఎక్కువ కాబట్టే కెనడా ఇంత గట్టిగా అడుగుతోంది. నిజమే. మనవాళ్లు చేసిన పాపం కూడా అందులో ఉంది. కోదాడలో ఒక దలాల్ మా వాడికి మూడు రోజుల్లో లెటర్‌హెడ్, ముహర్, ఫోన్ ఎత్తి "అవును, మా దగ్గరే చేశాడు" అనే మనిషితో సహా ఇప్పిస్తానన్నాడు. దొరికిపోతే అయిదేళ్లు కెనడా గడప తొక్కనివ్వరు. ఆ సంగతి దలాల్ చెప్పలేదు. భాంజా ఒప్పుకోలేదు. "చేసిన పనికి ఝూట్ కాగితం ఎందుకు మామూ?" అన్నాడు. చేయనివాడికి మూడు రోజుల్లో ఉత్తరం. చేసినవాడికి ముప్ఫై రోజులు తిరిగినా లేదు. నిజం కాగితం ఇవ్వని ప్రతి కంపెనీ ఆ దలాల్ దుకాణానికి గిరాకీ పంపిస్తోంది.

ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ నమాజ్ గురించి కాదు, రోజా గురించి కాదు. అప్పు లావాదేవీని రాసి పెట్టుకోవడం గురించి. రాసేవాడు రాయనని అనకూడదని కూడా అందులోనే ఉంది. మన మదర్సా పిల్లలకు కంఠతా వచ్చిన ఈ మాట మన హెచ్ఆర్ దఫ్తర్లకు ఎప్పుడు చేరుతుందో!

అడిగేది పెద్దదేం కాదు. ఎవరి పేరు మీద పన్ను కోశారో, వాళ్లు అడిగిన పదిహేను రోజుల్లో పని వివరాలతో ఉత్తరం ఇవ్వాలని చట్టంలో ఒక్క వాక్యం చేర్చండి. ఇవ్వకపోతే జుర్మానా పెట్టండి. అది వచ్చేదాకా, ఇవాళ పనిలో చేరే పిల్లలారా, ఉత్తరం షరతును మొదటి రోజే కాంట్రాక్టులో రాయించుకోండి. కాంట్రాక్టు, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు సొంత చోట దాచుకోండి. కంపెనీ మెయిల్‌ను నమ్ముకోవద్దు. మా వాడిది ఆఖరి రోజు సాయంత్రానికే మూసేశారు.

47వ రోజున భాంజా దరఖాస్తు పంపాడు. కాంట్రాక్టు, నాలుగేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు, 26ఏఎస్, వాడితో పని చేసిన మిర్యాలగూడ కుర్రాడి ఉత్తరం, ఎందుకు ఇంతే తేగలిగాడో చెప్పే ఉత్తరం. ఒప్పుకుంటారో లేదో ఆఫీసర్ మర్జీ. ఆపా మాత్రం ప్రతి నమాజ్ తర్వాతా దువాలో చేతులెత్తి కూర్చుంటోంది.

ఆ మేనేజర్ సాబ్‌కు ఒక మాట. మీరు కూడా ఒకప్పుడు ఎవరో రాసిచ్చిన ఉత్తరం పట్టుకునే విమానం ఎక్కి ఉంటారు. ఆ దస్తఖత్ పెట్టినాయన ఆ రోజు మీ మెసేజ్ చూసి ఊరుకుని ఉంటే, ఈ రోజు మీరెక్కడ ఉండేవారు?