సగటు లెక్కలో మన గూడెం ఎక్కడ?

ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక వచ్చిన ప్రతిసారీ మనకొక పాఠం చెబుతారు. 2025 నివేదికలో 193 దేశాలకు గాను భారత్‌ది 130వ స్థానం, నార్వేది రెండో స్థానం. ‘చూశారా, వాళ్లెక్కడ, మనమెక్కడ? ఎదగాలంటే కొన్ని వదులుకోక తప్పదు’ అంటారు. ఆ ‘కొన్ని’ ఏమిటని అడిగితే వేళ్లు మన కొండల వైపే చూపిస్తాయి.

ర్యాంకు అబద్ధమని నేననను. నార్వేలో సగటు మనిషి 83 ఏళ్లు బతుకుతాడు, మన దేశంలో 72 ఏళ్లు. నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే దారుల్లో ఉన్నవాళ్లకు ఆ తేడా ఏమిటో ఎవరూ చెప్పనక్కర్లేదు. పేదరికాన్ని ‘ప్రకృతి ఒడిలో హాయి’ అని పొగిడేవాళ్లనూ నమ్మొద్దు. వాళ్ల పిల్లలు జ్వరమొస్తే కార్లో ఆసుపత్రికి పోతారు.

కానీ ఈ కొలబద్ద కొలిచేవి ఆయుర్దాయం, చదువు, ఆదాయం, ఈ మూడే. అవి కూడా దేశం మొత్తానికి సగటున. ‘మీ ఊరి భూమి మీద మీ మాట చెల్లుతుందా?’ అని అది అడగదు. ఆ ప్రశ్న అడిగి చూడండి, లెక్క తారుమారవుతుంది.

నార్వేలోనూ ఆదివాసులున్నారు. వాళ్లు సామీలు, రెయిన్‌డీర్ మందలు మేపుకునే జనం. బడుల్లో వాళ్ల భాషను దశాబ్దాల పాటు అణిచేశారు. ఆల్టా నది మీద ఆనకట్ట వద్దని 1979లో పార్లమెంటు ముందు నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆనకట్ట ఆగలేదు. కానీ ఆ పోరాటం వల్లే 1989లో సామీ పార్లమెంటు వచ్చింది. ఆదివాసీ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం ఐఎల్‌ఓ 169ని 1990లో అందరికంటే ముందు నార్వే ఆమోదించింది. మన దేశం నేటికీ ఆమోదించలేదు.

అంతటి నార్వేలో ఫోసెన్ అనే చోట సామీల మేత భూముల్లో 151 గాలిమరలు నిలబెట్టారు. ఆ అనుమతులు చెల్లవని 2021 అక్టోబరులో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మరలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి. 2023లో సామీ యువత ఓస్లోలో మంత్రిత్వ శాఖల గుమ్మాలకు అడ్డం కూర్చున్నాక గానీ ప్రభుత్వం క్షమాపణ చెప్పలేదు.

అదే 2013లో, ‘వెనుకబడిన’ మన దేశంలో, ఒడిశా నియంగిరి కొండల మీద పన్నెండు గ్రామసభలు బాక్సైట్ గని వద్దన్నాయి. ఆ గని రాలేదు. ర్యాంకు పట్టికలో డోంగ్రియా కోందుల పేరుండదు. కానీ రెండో ర్యాంకు దేశంలో కోర్టు తీర్పుతో కూడా కానిది వాళ్ల గ్రామసభ మాటతో అయింది.

నార్వేను చూసి నేర్చుకోవాల్సింది కూడా ఉంది. సముద్రంలో చమురు దొరికినప్పుడు ఆ దేశం దాన్ని కంపెనీలకు ధారపోయలేదు. చమురు లాభాల మీద 78 శాతం పన్ను వేసింది, రాబోయే తరాల కోసం ప్రజల నిధి పెట్టింది. మనకూ అలాంటి ఆలోచన లేకపోలేదు. 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవంది. గని లాభాల్లో కనీసం 20 శాతం ఆదివాసుల అభివృద్ధికి పెట్టాలంది. నార్వేను పొగిడే నోళ్లు ఈ తీర్పు ఊసెత్తవెందుకు?

అందుకే ఆ 83 ఏళ్ల బతుకూ కావాలి, వద్దనే హక్కూ కావాలి. ఒకటి కావాలంటే రెండోది వదులుకోమనేవాడు అభివృద్ధి గురించి మాట్లాడటం లేదు, బేరమాడుతున్నాడు.

ఉపాధ్యాయ మిత్రులారా, ఈ ర్యాంకుల పాఠం చెప్పిన రోజునే పీసా చట్టం, అటవీ హక్కుల చట్టం పాఠమూ చెప్పండి. యువతీ యువకులారా, మీ ఊరి గ్రామసభ రిజిస్టరు తెరిచి చదవండి. మీ పెద్దలు అనని మాటకు అందులో వేలిముద్రలు ఉన్నాయేమో చూడండి. మన జీవన ప్రమాణం కొలవడం అక్కడి నుంచి మొదలుపెడదాం.