పాముకు మందు – మనిషికి ఓర్పు

పాముకు పాలు పోసి పెంచినట్లన్న సామెత మనకున్నది. మన దేశపు పాములను పట్టి ఇంట పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద నేరము. అమెరికాలో మాత్రము ఆఫ్రికా జాతికి చెందిన 'బాల్ పైథాన్' అనెడి చిన్న కొండచిలువను గాజుపెట్టెలలో పెంచెడివారు పలువురు కలరు. అక్కడ నున్న మా మనుమడు వారిలో ఒకడు.

మొన్న ఫోనులో, "తాతయ్యా, నా పాముకు నల్లులు పట్టాయి. కుక్కల గోమార్లకు కొట్టే మందు చల్లేయమంటున్నాడు మా ఫ్రెండు. చల్లెయ్యనా?" అన్నాడు. నాకు పామన్న భయమే. ఆ తొందరపాటు అంతకన్న భయపెట్టినది.

ఈ నల్లి సాలీడుకు చుట్టము. సుమారు మిల్లీమీటరుండెడి ఈ జీవి పొలుసుల సందున, కంటి చుట్టును చేరి నెత్తురు త్రాగును. పాము బాధ తాళలేక గంటల తరబడి నీటితొట్టిలో పడియుండును. అయితే నల్లి గ్రుడ్లు పెట్టునది పాము మీద కాదు, పెట్టె మూలలలో, పగుళ్లలో. అవి పెరిగి పెద్దవగుటకు రెండు మూడు వారములు చాలును. ఇక పాము మీద మందెంత గుమ్మరించిన నేమి ప్రయోజనము? నూనె పూసినను ఆ గ్రుడ్లను చేరదు.

కావున ముందు శుభ్రత. పరచిన పొట్టు పారవేసి తెల్ల కాగితము పరచవలెను. పెట్టెను వేడినీట కడుగవలెను. మందు ఆ తరువాత, అదియు సరీసృపముల వైద్యుడు చెప్పిన మోతాదులోనే. పెర్మెత్రిన్ వంటిది పెట్టెకు చల్లవలసి వచ్చినచో పామును, నీటిపాత్రను తీసివేసి, పూర్తిగా ఆరిన పిమ్మటనే మరల చేర్చవలెను. ఐవర్‌మెక్టిన్ కనుగొన్నవారికి 2015లో నోబెల్ బహుమతి లభించినది. వైద్యులు పాములకును దానిని వాడుదురు. అదే మందు తాబేలుకు ప్రాణాంతకము! ఒక జీవికి అమృతమైనది మరొక జీవికి విషము కాగలదు.

కుక్క మూలుగును, ఆవు తోక విదుల్చును. పాముకు మొరపెట్టు గొంతు లేదు. నాగులచవితినాడు, పాలు త్రాగని ఆ జీవి పుట్టలో మనము భక్తితో పాలు పోయుదుము. ఆ మిత్రుడు కరుణతో మందు చల్లమన్నాడు. రెండును ఆ జీవి అవసర మెరుగని ప్రేమలే. ఎరుగని ప్రేమ మూగజీవికి శిక్ష యని నా అభిప్రాయము.

మనుమడు పామును వైద్యుని యొద్దకు తీసుకొనిపోయినాడు. ఇప్పుడు మందు కన్న ఎక్కువగా కాగితములే మార్చుచున్నాడట. సంతోషము.