కట్టేసిన సామయీన్

ఇంగ్లీషులో ‘క్యాప్టివ్ ఆడియన్స్’ అనే మాట ఉంది. ఇష్టం లేకపోయినా లేచి వెళ్లే వీల్లేక వినాల్సి వచ్చిన జనం అని అర్థం. కొందరు దీన్ని ‘మంత్రముగ్ధులైన శ్రోతలు’ అనే అర్థంలో వాడేస్తుంటారు. అది పూరా ఉల్టా. ముగ్ధుడైన వాడు ఖుషీగా కూర్చుంటాడు. ‘క్యాప్టివ్’ అంటే ఖైదీ. వాడు మజ్బూరీ కొద్దీ కూర్చుంటాడు.

ఉర్దూ మీడియం బడిలో మాకు నేర్పిన మాట సామయీన్, అంటే వినేవాళ్లు. ముషాయిరాలో సామయీన్ ఖామోష్‌గా ఉండరు. షేర్ నచ్చితే ‘వాహ్’ అంటారు, మళ్లీ వినాలనిపిస్తే ‘ముకర్రర్’ అంటారు. నచ్చకపోతే దాద్ దొరకదు, శాయర్‌కు అదే ఫైస్లా. తెలుగులో ఊకొట్టడం కూడా ఇదే. ఊ ఆగిందంటే కథ చెప్పే అవ్వ కూడా ఆగిపోతుంది. రెండు జబానుల్లోనూ వినేవాడికి ఒక హక్ ఉంది.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు రాజకీయ సభలు రాయడం నా నౌకరీ. డ్వాక్రా అక్కల్ని బస్సుల్లో తెస్తారు. చేతిలో మజ్జిగ ప్యాకెట్, బిర్యానీ పొట్లం పెడతారు. తఖ్రీర్లన్నీ అయిపోయేదాకా బస్సు కదలదు. మర్నాడు పేపర్లో ‘జనసంద్రం’. లెక్కపెట్టింది తలలనే, ఎవరి చెవికి ఏం ఎక్కిందో ఎవరూ అడగరు.

ఈ ఇలాకా ఆడవాళ్లకు వినడం రాదనుకోకండి. ఉదయగిరి నియోజకవర్గంలోనే కలిగిరి మండలం దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యత క్లాసులు నడిచాయి. పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు రాత్రి పలక పట్టుకుని వచ్చారు. వాళ్ల కోసం ఎవరూ బస్సులు పెట్టలేదు. సారాతో చితికిన సంసారాల మాట ఆ పాఠాల్లో వచ్చింది. విని ఊరుకోలేదు, ఊళ్లో సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. 1992లో ఉద్యమం జిల్లా దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. తమంతట తాము వచ్చి విన్నవాళ్ల అసర్ అది.

కానూన్ కూడా ఇదే చెబుతోంది. మాట్లాడే హక్కు ఒకరికి ఉంటే, వినననే హక్కు ఇంకొకరికి ఉందని 2005 జూలైలో సుప్రీంకోర్టు శబ్ద కాలుష్యం కేసులో తేల్చింది. 2000 నాటి నిబంధనల ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా మైకు మోగకూడదు.

ఇది లీడర్లకే అనుకుని మనం నవ్వుకోవద్దు భాయ్. అజాన్ నాలుగు నిమిషాల పిలుపు. రాత్రి పదకొండు దాకా గల్లీ గల్లీకీ హారన్లు కట్టి వినిపించే బయాన్ సంగతేంటి? పక్కింటి పిల్లకు తెల్లారితే పరీక్ష. ఎదురింటి దాదీకి జ్వరం. వాళ్లు కూడా కట్టేసిన సామయీనే. మన జల్సా అయినా, పొరుగువారి భజన అయినా, పార్టీ సభ అయినా ఇన్సాఫ్ ఒక్కటే ఉండాలి.

నాదో చిన్న సలహా. సభ మొదలవగానే మైకులో చెప్పండి: ‘బస్సు రెడీగా ఉంది, వెళ్లాలనుకున్న వాళ్లు వెళ్లొచ్చు, బిర్యానీ ఎలాగూ ఇస్తాం.’ ఆ తర్వాత కుర్చీల్లో మిగిలిన వాళ్లకు మాట్లాడండి. వాళ్లు ఇరవై మందే అయినా సరే, మా పేపర్లో ఆ ఇరవై మంది గురించే రాయాలని నా కోరిక.