పరుగు మన రక్తంలో లేదు తమ్ముడూ, ప్రాక్టీసులో ఉంది

పోస్టు పెద్దగనే ఉంటది, ఓపిక చేసుకొని చదవండి. కొందరికి కోపం రావొచ్చు. వస్తే చివరిదాకా చదివినంక తిట్టండి.

పోయిన వారం మన గ్రూపుల్లో ఒక పోస్టు తిరిగింది. "మనం అడవి బిడ్డలం, పరుగు మన రక్తంలోనే ఉంది. సిటీవాళ్లు నెలల తరబడి ట్రైనింగ్ అయ్యేది మనం ఊరికే ఉరికి చూపిద్దాం. ఫుల్ మారథాన్‌కు పేర్లు ఇవ్వండి" అని. కింద తమ్ముళ్లు వరుసపెట్టి "రెడీ అన్నా" అని రాశారు. వాళ్లలో కొందరు నాకు బాగా తెలుసు. ఎనిమిదింటికి లేచి, మెస్‌లో టిఫిన్ అయిపోయిందని గులుగుకుంట కాలేజీకి పోయేవాళ్లే. ఆ పోస్టుకు ఇది నా జవాబు.

ఆ మాట ఒకప్పుడు నేనూ నమ్మిన. డిగ్రీ సెకండియర్‌లో దోస్తుల ముందు పంతానికి పోయి ఫుల్ మారథాన్‌కు పేరిచ్చిన. నా ప్రాక్టీసు అంతా కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం కొట్టే 1600 మీటర్లే. మొదటి 10 కిలోమీటర్లు అందరినీ దాటుకుంట పోయిన. 18 దగ్గర మోకాలు పట్టేసింది. జేబులో ఉన్న నొప్పి గోలీ మింగి మళ్లీ ఉరికిన. 28 దగ్గర కళ్లు తిరిగి డివైడర్ పక్కన కూలబడ్డ. అంబులెన్స్, సెలైన్. రెండు రోజులు మూత్రం టీ డికాక్షన్ లెక్క వచ్చింది. డాక్టర్ రెండే ప్రశ్నలు అడిగిండు. "వారానికి ఎన్ని కిలోమీటర్లు ఉరికినవ్? సికిల్ సెల్ టెస్టు చేయించుకున్నవా?" రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. తర్వాత టెస్టు చేయిస్తే సికిల్ సెల్ ట్రెయిట్ ఉందని తేలింది. నా రక్తంలో ఏముందో నాకే తెలియకుండా, రక్తంలో పరుగు ఉందని రొమ్ము విరుచుకొని తిరిగిన.

అందుకే అంటున్న. "రక్తంలో ఉంది" అనేది పొగడ్త లెక్క కనబడే మోసం. ఎట్లనో చెప్త.

సావర్‌పాడ ఎక్స్‌ప్రెస్ అని పేరు పడ్డ కవితా రౌత్ నాసిక్ జిల్లా ఆదివాసీ పల్లె నుంచి వచ్చిన ఆడబిడ్డ. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో 10,000 మీటర్లలో కాంస్యం, అదే ఏడాది ఆసియా క్రీడల్లో రజతం గెలిచింది. 2016లో రియో ఒలింపిక్స్ మారథాన్ ఉరికింది. అందరూ ఆమె ఊరి గురించి, చిన్నప్పటి నడక గురించే మాట్లాడతారు. కోచ్ దగ్గర ఏళ్లకేళ్లు పొద్దుపొద్దున పడ్డ కష్టం గురించి ఎవరూ మాట్లాడరు. రక్తమే చాలితే ఆ ఊరు ఊరంతా ఒలింపిక్స్‌కు పోవాలి కదా?

"కెన్యావాళ్లను చూడు" అంటారు. సరే చూద్దాం. 2019లో వియన్నాలో 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో మారథాన్ దూరం ఉరికిన ఎలియుడ్ కిప్చోగే కలెంజిన్ తెగవాడే. కానీ ఆయన వెనుక ప్యాట్రిక్ సాంగ్ అనే కోచ్ ఉన్నాడు. ఆయన 1992 ఒలింపిక్స్ స్టీపుల్‌చేజ్ రజత విజేత. క్యాంపు ఉంది, తోటి రన్నర్లు ఉన్నారు, వారమంతా లెక్కప్రకారం పరుగు ఉంది. ఇంకొకరు 1960లో రోమ్‌లో అబెబె బికిలా చెప్పుల్లేకుండా గెలిచాడని బూట్లు వద్దంటారు. ఆయనకూ కోచ్ ఉన్నాడు. 1964లో టోక్యోలో అదే బికిలా బూట్లేసుకొని ఇంకా తక్కువ టైంలో గెలిచాడు. ఈ సగం కథ మాత్రం ఎవరూ చెప్పరు.

ఇక మన పెద్దల సంగతి. నాగోబా జాతర ముందు మెస్రం వంశస్థులు గోదావరి జలం కోసం కేస్లాపూర్ నుంచి హస్తినమడుగు దాకా కాలినడకన పోయి వస్తారు. ఒక్కరోజులో ఉరికి రారు. రోజుల తరబడి, ఊరూరా ఆగుకుంట, తిని, పడుకొని, అందరూ కలిసి నడుస్తారు. దూరాన్ని గౌరవించడం, శక్తిని దాచుకోవడం, గుంపును విడవకపోవడం మన పెద్దలకు తెలిసిన విద్య. ప్రిపేర్ కాకుండా 42 కిలోమీటర్లు ఉరకడం మన సంస్కృతి కాదు, సిటీలో నేర్చుకున్న షో.

అసలు నష్టం ఇంకోటి ఉంది. పరుగు మీ రక్తంలోనే ఉంది అంటే, మీకు గ్రౌండ్ ఎందుకు, కోచ్ ఎందుకు, గుడ్డు ఎందుకు అని పై వాళ్లు చేతులు దులుపుకోవచ్చు. గెలిస్తే అడవి గొప్పతనం, ఓడితే మన బద్ధకం. మధ్యలో మన కష్టానికి లెక్క లేదు, వాళ్ల బాధ్యతకూ లెక్క లేదు. ఆ పోస్టు పెట్టిన అన్నకు తెలియకపోవచ్చు కానీ, ఆయన రాసింది మన తరఫు మాట కాదు.

"అయితే మారథాన్ మానుకోమంటవా, అది పైసలున్న ఐటీవాళ్ల ఆటనా?" అంటారు. కాదు. దాన్నీ ఒప్పుకోను. "ముందు ఉద్యోగం కొట్టు, ఇవన్నీ టైంపాస్" అనే సీనియర్లతోనూ నాకు పేచీ ఉంది. వారానికి మొదట్లో 4 గంటలు, చివరి నెలల్లో 6 గంటలు చాలు. రీల్స్ చూసే టైం కంటే తక్కువే. చదువు పాడవదు, పొద్దున లేవడం అలవాటవుతుంది. కానీ పద్ధతిగా చేయాలి.

నేను చేసిన తీరు ఇది. మొదటి మూడు నెలలు నడక, పరుగు కలిపి, ఆగకుండా గంటసేపు ఉరికేదాకా. ఆ తర్వాత 20 వారాలు. మంగళవారం 45 నిమిషాలు, గురువారం గంట, శనివారం అరగంట, ఆదివారం లాంగ్ రన్. లాంగ్ రన్ 10 కిలోమీటర్ల నుంచి మొదలై మెల్లగా 30 దాకా పోవాలి. ప్రతి నాలుగో వారం తగ్గించాలి. చివరి మూడు వారాలు బాగా తగ్గించి కాళ్లకు రెస్ట్ ఇవ్వాలి. మధ్యలో ఒక హాఫ్ మారథాన్ ఉరకాలి. సెమిస్టర్ పరీక్షల నెలలో వారానికి రెండు రోజులు మెల్లగా ఉరికితే చాలు. అందుకే ఈవెంట్ డేట్‌ను పరీక్షల టైంటేబుల్ పక్కన పెట్టుకొని చూసి పేరివ్వాలి.

వేగం గురించి. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో కొట్టాలని ప్రాక్టీసు చేస్తాం. అంటే కిలోమీటర్‌కు నాలుగున్నర నిమిషాలు. అదే వేగంతో మారథాన్ మొదలుపెడితే నా లెక్కనే డివైడర్ పక్కన కూర్చుంటారు. పక్కోడితో ముచ్చట పెట్టుకుంట ఉరకగలగాలి. మాట రాకుంటే వేగం ఎక్కువైనట్టే. ఒంట్లో దాచుకున్న చక్కెర శక్తి చాలామందికి 30 కిలోమీటర్ల దగ్గర అయిపోతుంది. గంటన్నర దాటిన ప్రతి పరుగులో అరటిపండో, బెల్లమో, ఓఆర్ఎస్సో అలవాటు చేసుకోవాలి. ఉత్త నీళ్లు కడుపునిండా తాగుడు కూడా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పడిపోతుంది. నొప్పి గోలీ వేసుకొని మాత్రం ఉరకొద్దు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ గోలీలు కిడ్నీలను దెబ్బతీస్తాయి.

తిండికి డబ్బాల పౌడర్లు అక్కర్లేదు. జొన్న గట్క, రాగి అంబలి, పప్పు, గుడ్డు, ఆకుకూర, పల్లీలు బెల్లం. అన్నం తినంగనే టీ తాగొద్దు, ఇనుము ఒంటికి పట్టదు. బూట్లకు మాత్రం పైసలు పెట్టండి. టీషర్టుకు, మెడల్ ఫొటోకు కాదు.

అన్నిటికంటే ముందు టెస్టులు. హిమోగ్లోబిన్, సికిల్ సెల్. 2023 జులైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 40 ఏళ్లలోపు వాళ్లకు స్క్రీనింగ్ అందులో భాగమే. పీహెచ్‌సీలో అడగండి. ట్రెయిట్ ఉంటే పరుగు బంద్ కాదు. డాక్టర్‌ను అడిగి, ఎండలో ఉరకకుండా, నీళ్లు తాగుకుంట, ఒక్కసారే జోరు పెంచకుండా ఉరకొచ్చు. జబ్బే ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ చెప్పకుండా అడుగు వేయొద్దు.

చెల్లెళ్ల మాట ఆ పోస్టులో ఒక్క ముక్క లేదు. మా హాస్టల్ గేటు ఐదింటికే తెరుస్తారు, చాలా గర్ల్స్ హాస్టళ్లలో ఆరు దాటినా తెరవరు. చీకట్లో రోడ్డు మీద ఉరకమని ఎవరూ చెప్పలేరు. రక్తం తక్కువ ఉన్నవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. "మన రక్తం" అని అరిచే అన్నలు ముందు ఈ సంగతి పట్టించుకోవాలి.

కాబట్టి మారథాన్‌కు పేర్ల లిస్టు కంటే ముందు సంతకాల లిస్టు తయారు చేద్దాం. హాస్టల్‌కు ఒక దరఖాస్తు: పొద్దున గేటు, గర్ల్స్‌కు గ్రౌండ్‌లో లైట్లు, ఉరికొచ్చినవాళ్లకు టిఫిన్ పక్కన పెట్టడం, హాస్టల్‌లోనే రక్త పరీక్షల క్యాంపు. వార్డెన్ వినకపోతే ఐటీడీఏ దాకా పోదాం. ఒక్కరు అడిగితే పైరవీ అంటారు, యాభై మంది అడిగితే ఫైల్ కదులుతుంది.

నేను పడిపోయిన ఏడాదిన్నరకు మళ్లీ ఫుల్ మారథాన్ ఉరికిన. 5 గంటల 20 నిమిషాలు పట్టింది. నా వెనుక పెద్దగా ఎవరూ మిగల్లేదు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కానీ నా కాళ్ల మీద నేను ఇంటికొచ్చిన. ఈ ఏడాది "రెడీ అన్నా" అన్న తమ్ముళ్లూ, మీరు 10 కిలోమీటర్లకు పేరివ్వండి. వచ్చే ఏడాది హాఫ్, ఆ తర్వాత ఫుల్. ఆదివారం పొద్దున ఐదింటికి గ్రౌండ్‌లో ఉంట. రక్తం రిపోర్టు పట్టుకొని రండి.