అనాథల గోడ



ప్రియ పాఠకులారా! ఈ నెల ఒక శిష్యుని విషయమై మేము చేసిన పొరపాటును మీ ముందుంచదలచాము. తల్లిదండ్రులకు, మస్జిదు కమిటీల పెద్దలకు ఇందువల్ల కొంత మేలు కలుగుతుందని మా ఆశ.

ఆ యువకుడు మా మదరసాలోనే ఖుర్ఆన్ కంఠస్థం చేశాడు. తరువాత పదవ తరగతి పూర్తిచేసి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుతున్నాడు. వయసు 19 సంవత్సరాలు. వారిది కర్నూలు ప్రాంతంలోని ఒక గ్రామం. మట్టిమిద్దెలు ఇంకా మిగిలివున్న ఊరు అది. దూలాల మీద దంతెలు పరచి, వాటిపై కంపా గడ్డీ వేసి, ఆపైన చౌడుమట్టి కప్పిన ఇళ్ళవి. ఏటేటా వానలకు ముందు చౌడు తోలుకుంటేనే మిద్దె నిలుస్తుంది. ఇంట్లో మగదిక్కు లేని స్త్రీలకు ఆ పని చేయించుకునే స్థోమత ఎక్కడిది? అందుకే ఆ ఊరి మస్జిదు పెద్దలు వేసవిలో వితంతువుల ఇళ్ళు, వృద్ధుల ఇళ్ళు బాగుచేయించే పనికి పూనుకున్నారు. మా శిష్యుడు సెలవుల్లో ఆ పనిలో చేరాడు. పర్యవేక్షకునిగా కాదు, తాపీమేస్త్రీ కింద తట్ట మోసే కూలీగా చేరాడు.

కొద్దిరోజులకే అతని తండ్రి మా వద్దకు వచ్చాడు. "హజ్రత్! హాఫిజ్ అయిన బిడ్డ ఇసుక తట్ట మోస్తుంటే బంధువుల ముందు తలెత్తుకోలేకపోతున్నాను. మీ మాటైతే వింటాడు, కాస్త చెప్పండి" అని వాపోయాడు. మేమూ ఆలోచించక ఆ యువకుణ్ణి పిలిపించాము. సిమెంటు తిని చిట్లిన అతని వేళ్ళు చూసి, "బాబూ! ఈ చేతులు ముస్హఫ్ పట్టవలసిన చేతులు" అన్నాము. అతడు తలవంచుకుని మర్యాదగానే బదులిచ్చాడు: "హజ్రత్! సూరహ్ కహఫ్‌లో ఆ గోడ గురించి మాకు చెప్పింది మీరే కదా?"

ఆ మాటకు మా వద్ద సమాధానం లేకపోయింది.

ఆ వృత్తాంతం మీకు తెలిసినదే. హజ్రత్ మూసా (అలైహి), హజ్రత్ ఖిజర్ (అలైహి) ఒక ఊరు చేరుకుని ఆతిథ్యం కోరారు. ఊరివారు నిరాకరించారు. అదే ఊరిలో కూలిపోబోతున్న గోడ ఒకటి కనిపించగా హజ్రత్ ఖిజర్ దానిని నిలబెట్టారు. కోరితే ఈ పనికి కూలి తీసుకోవచ్చు కదా అన్నారు హజ్రత్ మూసా. అది ఇద్దరు అనాథ బాలురదని, దాని కింద వారి నిధి ఉన్నదని, వారి తండ్రి సజ్జనుడని తరువాత తెలిసింది. మేము ఎన్నో ఏళ్ళుగా ఈ పాఠం చెబుతూ వస్తున్నాము. గోడ వెనుకనున్న మర్మాన్ని వివరించామే గాని, ఆ గోడను నిలబెట్టడానికి ఎవరో మట్టి ముట్టుకున్నారన్న సంగతిపై మా దృష్టి నిలవలేదు. మా శిష్యుని దృష్టి అక్కడే నిలిచింది.

పని ముగిసిన తరువాత అతడు మళ్ళీ వచ్చి తన అనుభవాలు చెప్పాడు. వాటిలో ఒకటి ప్రతి యువకుడూ వినదగినది.

ఇద్దరు ఆడపిల్లలతో జీవిస్తున్న ఒక వితంతువు ఇల్లు అది. పాత చౌడుమిద్దె దించివేసి, గోడల మీద ఇటుక వరుసలు పేర్చి, వాటిపై ఇనుప గడ్డర్లు నిలిపి కడప బండలు పరచాలి. మేస్త్రీ ముస్లిమేతరుడు, అరవై ఏళ్ళు దాటిన పెద్దమనిషి. ఒకనాడు మన యువకుడు మధ్యాహ్నానికి ముందు మాలు కలిపాడు. అంతలో జుహర్ అజాన్ అయింది. నమాజు, భోజనం ముగించి వచ్చేసరికి రెండు గంటలు దాటింది. మాలు బిగుసుకుపోయింది. పారవేయడానికి అతనికి మనసు రాలేదు. పేదరాలి సొమ్ము వృథా చేయడమెలాగని మరికొన్ని నీళ్ళు పోసి కలియబెట్టి, మేస్త్రీకి చెప్పకుండా అందించాడు. ఆ మాలుతోనే పైవరుస పూర్తయింది.

మరునాడు ఉదయం మేస్త్రీ మేకుతో గీచి చూశాడు. కీళ్ళలోని మాలు పొడిపొడిగా రాలింది. అప్పుడు మన యువకుడు జరిగినది ఒప్పుకున్నాడు. మేస్త్రీ కేకలు వేయలేదు. ఆ వరుసంతా ఊడదీయించి, ఇటుకలు గీకించి, నీళ్ళలో నానబెట్టించి, తిరిగి కట్టించాడు. పాడైన సిమెంటు ఖరీదు తన కూలిలో తగ్గించుకోమన్నాడు. ఆపైన ఇలా అన్నాడట: "నాయనా! ఈ వరుస మీద గడ్డరు కూర్చుంటుంది, గడ్డరు మీద బండలు కూర్చుంటాయి, వాటి కింద ఆ పిల్లలు పడుకుంటారు. నీ జాలి వాళ్ళను కాపాడదు, మాలే కాపాడాలి. రేపటి నుండి మీ అజాన్ లోపల ఎంత వాడగలవో అంతే కలుపు."

సిమెంటులో నీళ్ళు పడిన క్షణం నుండే అది గట్టిపడే మార్గంలో పడుతుంది. అందుకే కలిపిన మాలును రెండు గంటలలోపు వాడివేయాలంటారు. బిగుసుకున్న దానికి మళ్ళీ నీళ్ళు పోస్తే మెత్తబడినట్టు కనబడుతుందే తప్ప పోయిన పట్టు తిరిగి రాదు. ఈ సంగతి మా శిష్యుడు పుస్తకంలో చదివే ఉన్నాడు. కాని ఊడదీసిన ఇటుకలను తన చేతులతో గీకిననాడే అది అతనికి విద్య అయింది.

సదుద్దేశం పనిలోని లోపాన్ని పూడ్చదు. చేపట్టిన పనిని నేర్పుతో, లోటు లేకుండా చేసేవారిని అల్లాహ్ ఇష్టపడతాడని దైవప్రవక్త (స) బోధించారు. మదీనాలో మస్జిదు నిర్మాణం జరిగినప్పుడు ఆయన స్వయంగా ఇటుకలు మోశారు. అందరూ ఒక్కొక్క ఇటుక తెస్తుంటే హజ్రత్ అమ్మార్ (రజి) రెండేసి తెచ్చేవారు. యమామా నుండి వచ్చిన హజ్రత్ తల్ఖ్ బిన్ అలీ (రజి) మట్టి కలపడంలో నేర్పరి అని గ్రహించి, ఆ పనిని ఆయనకే అప్పగించమన్నారు ప్రవక్త (స). ఉత్సాహానికి విలువ ఇచ్చారు, నైపుణ్యానికి తగిన చోటు ఇచ్చారు. కాబాగృహ గోడలు లేపుతున్న హజ్రత్ ఇబ్రాహీం (అలైహి) పక్కన నిలిచినది ఆయన కుమారుడు హజ్రత్ ఇస్మాయీల్ (అలైహి). ఆ తండ్రి తన బిడ్డ చేతికి రాయి అందితే సిగ్గుపడలేదు.

ఇటువంటి సేవ చేపట్టే పెద్దలకు కొన్ని మనవులు. మొదటిది జకాతు సంగతి. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాతు సొమ్ము అర్హుల యాజమాన్యంలోకి చేరాలి. కనుకనే మస్జిదు నిర్మాణానికి అది చెల్లదు. ఆ ఊరి పెద్దలు ఈ నియమాన్ని చక్కగా పాటించారు. సొమ్మును ఆ వితంతువు చేతికే ఇచ్చారు. ఆమె స్వయంగా సామాను కొనిపించింది, ప్రతి సాయంత్రం మేస్త్రీకి, కూలీలకు తన చేతులతో కూలి ఇచ్చింది. దానం పుచ్చుకున్న స్త్రీగా కాక ఇల్లు కట్టించుకున్న ఇల్లాలిగా నిలబడింది.

రెండవది కూలి. సేవాకార్యం అన్న పేరుతో పనివాని కూలి ఆపడం తగదు. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్నది ప్రవక్త (స) ఆదేశం. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగవేసినవానికి ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా ప్రతివాదిగా నిలుస్తాడని హదీసులో హెచ్చరిక ఉన్నది.

మూడవది భద్రత. పద్ధెనిమిదేళ్ళు నిండని పిల్లలను పరంజా ఎక్కించకండి. చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు, తలకు హెల్మెట్ సమకూర్చండి. మా శిష్యుని వేళ్ళ పుండ్లు రబ్బరు తొడుగులు లేనందువల్ల వచ్చినవే.

నాల్గవది శిక్షణ. 1998లో హైదరాబాదులో నెలకొన్న నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ వంటి సంస్థలు తాపీపని, ప్లంబింగ్, విద్యుత్ పనులు నేర్పుతున్నాయి. చదువు మధ్యలో ఆగిన మన యువకులను అటు పంపడం కూడా సేవే.

ఇక ఆ తండ్రి సంగతి. మేము ఆయనను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళాము. అప్పటికే ఒక పెద్ద వాన కురిసివుంది. ఆ ఇల్లాలు తలుపు చాటున నిలిచి, "భాయ్! ఈసారి వానకు గిన్నెలు పరచలేదు, పిల్లలు తెల్లవార్లూ నిద్రపోయారు" అన్నది. ఆ తండ్రి ఏమీ అనలేదు. వెళుతూ వెళుతూ ఆగి, ఆ పైవరుస ఇటుకలను కాసేపు చూశాడు. మరుసటి వారం కొడుకుకు రబ్బరు తొడుగుల జత కొని ఇచ్చాడని తెలిసింది.

మేము కూడా మా మాటను వెనక్కు తీసుకున్నాము. ముస్హఫ్ పట్టిన చేతులు అనాథల గోడను కూడా పట్టగలవని, పట్టాలని, ఈ ఏడు సూరహ్ కహఫ్ పాఠంలో పిల్లలకు చెప్పాము.

అల్లాహ్ మన బిడ్డల చేతులకు నేర్పును, వారి సంపాదనలో బర్కత్‌ను, మన హృదయాలకు వినయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.